రంగం దారి – 6: మౌల్మీన్, కొండ మీంచి రేవు దాకా

కోస్తా జిల్లాల్లో పాత మండువా ఇల్లు చూపించేవాళ్లు ముందు ద్వారబంధం మీద చెయ్యేసి మొదలుపెడతారు. "బర్మా టేకండీ, తాతల నాటిది, ఇప్పటికీ చెద ముట్టలేదు" అంటారు. నిజమే, టేకుకి అంత సత్తువ ఉంది. ఆ దుంగ ఏ రేవులో ఓడెక్కి వచ్చిందని అడిగితే మాత్రం అందరి నోటా రంగూన్ పేరే వస్తుంది. రంగూన్ కన్నా ముందు టేకుకి పేరుపడ్డ ఊరొకటి ఉంది. అదే మౌల్మీన్. ఇప్పటి పేరు మొలమ్యైన్. మన ముత్తాతల కాలంలో రంగం వెళ్లారంటే బర్మాలో ఏ మూలకి వెళ్లినా రంగమే కాబట్టి, ఈ ఊరి పేరు మన ఇళ్లలో నిలవలేదు.

పోయిన వారం కోరంగి రేవు కథ చెప్పుకున్నాం. ఈ వారం బంగాళాఖాతం దాటి అవతలి ఒడ్డున దిగుదాం. ఈ ఊరు చూడ్డానికి ఒక పూట చాలు. తెల్లవారి కొండెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఏటి ఒడ్డుకు దిగవచ్చు. అయితే వానాకాలంలో మాత్రం వద్దు. ఇక్కడ ఏడాదికి దాదాపు 4,800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కాకినాడలో పడేదానికి నాలుగు రెట్లు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఊరు ఊరంతా నానుతూనే ఉంటుంది.

పట్టణానికి వెన్నెముకలా ఉత్తరం నుంచి దక్షిణానికి ఒక గుట్టల వరస సాగింది. దాని మీద వరసగా పగోడాలు. అన్నిటికన్నా ఎత్తున ఉన్నది క్యైక్‌తన్‌లాన్. క్రీ.శ. 875లో కట్టారని స్థానిక సంప్రదాయం చెబుతుంది. తర్వాతి రాజులు పెంచుకుంటూ పోయారు. కింద చెప్పులు విడిచి, పైకప్పున్న మెట్ల దారిలో నడిచి వెళ్లాలి. మోకాళ్లు సహకరించనివాళ్లకు లిఫ్టు ఉంది. పైకి వెళ్లాక బంగారు పూత చూసి అక్కడే ఆగిపోకండి. పడమటి వైపు పిట్టగోడ దగ్గరికి రండి. ఊరు ఇక్కడే ఎందుకు పుట్టిందో అక్కణ్నుంచి చూస్తే తెలుస్తుంది.

టిబెట్ పీఠభూమిలో పుట్టిన సాల్వీన్ నది చైనా, షాన్ కొండలు దాటి ఇక్కడికి వచ్చి సముద్రంలో కలవబోతోంది. సరిగ్గా ఇక్కడే గ్యైంగ్, అట్టరాన్ నదులు వచ్చి దానిలో పడతాయి. ఎదురుగా బిలూ ద్వీపం అడ్డుగా ఉండి సముద్రపు గాలివాన నుంచి రేవును కాస్తుంది. మూడు నదులంటే మూడు అడవుల్లోంచి మూడు దారులు. ఏ దారిన దుంగ వదిలినా ఈ కొండ కిందికే చేరాలి. ఉత్తరాన అవతలి ఒడ్డున కనిపించేది మర్తబాన్. 1287లో వరేరు అనే మోన్ రాజు అక్కడ రాజ్యం స్థాపించాడు. అక్కడి పెద్ద మట్టిజాడీలు అరబ్బు దేశాల దాకా వెళ్లేవి. 1541లో బర్మా రాజు తబిన్‌ష్వేతీ దండెత్తి దాన్ని కొల్లగొట్టాక ఆ వైభవం మళ్లీ రాలేదు.

ఆంగ్లేయులు వచ్చేనాటికి ఇటువైపు ఉన్నది చెప్పుకోదగ్గ ఊరు కాదు. మొదటి ఆంగ్ల-బర్మా యుద్ధం ముగిసి 1826 ఫిబ్రవరి 24న యాందబో సంధి జరిగింది. అరకాన్, తెనాసరిం తీరాలు ఈస్టిండియా కంపెనీకి దక్కాయి. ముందు సముద్రపు మొనలో ఒక ఊరు ఎంచుకుని గవర్నర్ జనరల్ పేరుతో దానికి ఆమ్‌హర్‌స్ట్ అని పేరు పెట్టారు. కానీ సేనాధిపతి ఆర్చిబాల్డ్ క్యాంప్‌బెల్‌కి అది నచ్చలేదు. బర్మా రాజు సైన్యం ఉన్న మర్తబాన్‌కి ఎదురుగా, దాని మీద కన్నేసి ఉంచగల చోటు కావాలన్నాడు. అలా 1827లో మౌల్మీన్ బ్రిటిష్ బర్మాకు తొలి ముఖ్యపట్టణమైంది. 1852లో రెండో యుద్ధం జరిగి రంగూన్, పెగూ చేతికి రాగానే రాజధాని హోదా అటు తరలిపోయింది. అంటే ఈ ఊరు ఏలింది పాతికేళ్లు. నన్నడిగితే ఆ పోవడమే ఊరికి మేలు చేసింది. రంగూన్‌లో పడ్డన్ని బాంబులు, లేచినన్ని కాంక్రీటు మేడలు ఇక్కడ లేవు. పాత ఊరు చాలావరకు పాత ఊరుగానే ఉంది.

ఈ పగోడా దగ్గర ఇంకో కథ చెబుతారు. 1889లో రడ్యార్డ్ కిప్లింగ్ కలకత్తా నుంచి జపాన్ వెళుతూ రంగూన్‌లోనూ ఇక్కడా కొద్దిసేపు దిగాడు. మరుసటి ఏడాది 'మాండలే' కవిత రాశాడు. విచిత్రమేమంటే ఆయన మాండలే ముఖమే చూడలేదు. కవితలో మౌల్మీన్ పగోడా తూర్పున సముద్రం వైపు చూస్తుంది. ఇక్కడ నిలబడ్డవాడికి సముద్రం పడమటనే ఉంటుంది. పండితులు ఆ తూర్పు పడమరల మీద ఏళ్ల తరబడి తర్జనభర్జన పడ్డారు. దానికి అంత అవసరం లేదని నా అభిప్రాయం. మెట్ల మీద కనిపించిన ఒక అమ్మాయి ఆయన మనసులో నిలిచింది, దిక్కులు నిలవలేదు.

గుట్ట మీదే ఉత్తరానికి నడిస్తే మహాముని గుడి వస్తుంది. మాండలేలోని ప్రసిద్ధ విగ్రహానికి ప్రతిరూపం. దక్షిణాన ఊ జిన పగోడాలో సిద్ధార్థుడు చూసిన వృద్ధుడు, రోగి, శవం, సన్యాసి బొమ్మలున్నాయి. ఈ రెంటినీ త్వరగా చూసేయవచ్చు. నిదానించాల్సిన చోటు సెయిన్‌డోన్ రాణి మఠం. మాండలేలో ఏలిన మిండోన్ రాజు చనిపోయాక తీబో గద్దెనెక్కాడు. పోటీ వస్తారని అనుమానమున్న రాజకుటుంబీకుల్ని పదుల సంఖ్యలో చంపించాడు. మిండోన్ రాణుల్లో ఒకరైన సెయిన్‌డోన్ బ్రిటిష్ ఏలుబడిలో ఉన్న ఈ ఊరికి వచ్చి తలదాచుకుంది. ఆమె కట్టించిన మఠం అంతా టేకే. స్తంభాలు, కప్పు, తలుపులు, వాటి మీద నగిషీ. మాండలే రాజభవనంలోని వడ్రంగం ఎలా ఉండేదో ఊహించుకోవాలంటే ఇలాంటి చోట్లకే రావాలి. ఎందుకంటే ఆ భవనం 1945 యుద్ధంలో తగలబడిపోయింది.

టేకు సంగతి ఇక్కడ చెప్పుకోకపోతే కింద కనిపించే ఊరు అర్థం కాదు. పచ్చి టేకు నీటిలో తేలదు. అందుకని అడవిలో ముందు చెట్టు మొదట్లో చుట్టూ బెరడు తీసి, లోపలి కండ దాకా గాడి కొట్టి వదిలేస్తారు. చెట్టు నిలువునా ఎండుతుంది. రెండు మూడేళ్లాగి నరుకుతారు. ఏనుగులు దుంగల్ని వాగు దాకా ఈడుస్తాయి. అవి ఆ వాగులో ఎండాకాలమంతా పడి ఉండి, వాన వచ్చి వాగు పొంగితే పెద్ద ఏట్లో పడతాయి. ఆ ఏడు వాన సరిగా పడకపోతే దుంగ అక్కడే రెండేళ్లయినా పడి ఉంటుంది. అడవిలో గాడి పడ్డ నాటి నుంచి రేవుకు చేరే నాటికి అయిదారేళ్లు గడిచిపోవచ్చు. ప్రతి దుంగకీ సొంతదారు గుర్తు సుత్తితో కొట్టి ఉంటుంది. ఊరికి ఎగువన నదిలో దుంగల్ని పట్టి, గుర్తులు చూసి, తెప్పలు కట్టి, సుంకం వసూలు చేసి కిందికి వదిలేవారు. దొంగ గుర్తుల తగాదాలకు మౌల్మీన్ కోర్టుల్లో కొదవ లేదు.

కింద రంపపు మిల్లులుండేవి, ఓడలు కట్టే రేవులుండేవి. 1840లో ఇక్కడికి దగ్గర్లోని నాట్మాలో కట్టిన 'సక్సెస్' అనే ఓడ కథ వినండి. కలకత్తా కంపెనీ ఒకటి సరకుల కోసం కట్టించింది. ఆస్ట్రేలియాలో బంగారం బయటపడ్డాక మెల్‌బోర్న్ రేవులో నావికులు ఓడలొదిలి గనులకు పారిపోతే, దాన్ని కొనేసి తేలే జైలుగా మార్చారు. జైలు పని అయిపోయాక ఒకాయన దాన్ని టిక్కెట్టు పెట్టి చూపించడం మొదలెట్టాడు. 1790 నాటి ఓడ అని, ఖైదీల్ని ఆస్ట్రేలియాకు మోసిందని అబద్ధాలు చెప్పి ఇంగ్లండు, అమెరికా తిప్పారు. జనం ఎగబడి చూశారు. 1946లో అమెరికాలోని ఈరీ సరస్సు ఒడ్డున ఎవరో నిప్పంటించేదాకా ఆ టేకు చెక్కుచెదరలేదు. నూటారేళ్లు!

ఇంత గట్టి చెట్టు ఉన్న అడవి మాత్రం పాతికేళ్లు కూడా ఆగలేదు. అట్టరాన్ వైపు అడవుల్ని గుత్తదారులకు ఇష్టారాజ్యంగా వదిలేశారు. కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడు నథానియల్ వాలిక్ 1827లోనే వచ్చి ఆ అడవుల్ని చూసి వెళ్లాడు. హద్దు లేకుండా నరికితే ఏమవుతుందో చూడ్డానికి ఎంతోకాలం పట్టలేదు. 1840లు దాటేసరికి దగ్గర్లో మంచి టేకు తరిగిపోయి, ఎగువన షాన్, కరెన్ని కొండల నుంచి, సయాం హద్దుల నుంచి రావాల్సి వచ్చింది. మిల్లులు మాత్రం ఆగలేదు. దుంగలు దొంతర్లుగా పేర్చే మౌల్మీన్ ఏనుగులు యాత్రికుల పుస్తకాలకెక్కాయి. వచ్చినవాళ్లంతా ఏనుగునే చూశారు. దుంగకు గొలుసు తగిలించే మనిషిని ఎవరూ రాయలేదు.

కాదు, ఒకరు రాశారు. కానీ ఆ సంగతి కొండ దిగుతూ చెప్పుకుందాం.

గుట్ట కిందే జైలు కనిపిస్తుంది. పగోడా మీంచి చూస్తే దాని ఆవరణ అంతా మ్యాపు పరిచినట్టుంటుంది. ఇంకొంచెం దిగితే మొదటి బాప్టిస్టు చర్చి. అమెరికా మిషనరీ అడోనిరమ్ జడ్సన్ 1827లో ఇక్కడ సంఘం పెట్టాడు. యుద్ధకాలంలో ఆవాలో బర్మా రాజు చెరలో సంకెళ్లతో మగ్గినవాడు ఆయన. బైబిలును బర్మీస్‌లోకి తెచ్చే పని 1834లో ఈ ఊళ్లోనే పూర్తిచేశాడు. మనకు ఇందులో ఒక చిన్న బంధుత్వం ఉంది. నెల్లూరులో 1840లో తెలుగు మిషన్ స్థాపించిన శామ్యూల్ డే కూడా ఇదే అమెరికన్ బాప్టిస్టు సంఘం పంపగా వచ్చినవాడే. నెల్లూరు, ఒంగోలు మిషన్ల చరిత్ర రాసేవాళ్లు మౌల్మీన్ దాటి రాలేరు.

ఇప్పుడు ఆ రాసినాయన దగ్గరికి వద్దాం. ఎరిక్ బ్లెయిర్ అనే యువకుడు 1922లో ఇంపీరియల్ పోలీసు ఉద్యోగంలో బర్మా వచ్చి 1926లో ఈ ఊళ్లో పనిచేశాడు. ఊరు ఆయనకు పరాయిదేం కాదు. తల్లి ఐడా లిముజాన్ పెరిగింది ఇక్కడే. ఆమె తండ్రి టేకు వర్తకుడైన ఫ్రెంచివాడు. ఉద్యోగం వదిలి ఇంగ్లండు వెళ్లి జార్జ్ ఆర్వెల్ అయ్యాడు. 1936లో 'షూటింగ్ యాన్ ఎలిఫెంట్' అనే వ్యాసం ప్రచురించాడు. ఇంగ్లీషు చదువుకున్న పిల్లల్లో చాలామంది పాఠ్యపుస్తకంలో దాన్ని చదివే ఉంటారు.

కథ అందరికీ తెలిసిందే. మదమెక్కిన పని ఏనుగు ఒకటి గొలుసు తెంపుకుని బజారులో పడుతుంది. మావటి దానికోసం వేరే దారిన చాలా దూరం వెళ్లిపోయాడు. ఏనుగు ఒక కూలీని తొక్కి చంపుతుంది. పోలీసు అధికారి తుపాకీ తెప్పించుకుని వెళ్లేసరికి అది మదం దిగి పొలంలో గడ్డి తింటోంది. చంపక్కర్లేదని ఆయనకు తెలుసు. కానీ వెనక రెండువేల మంది జనం చూస్తున్నారు. వాళ్ల ముందు చులకన కాకూడదని కాలుస్తాడు. సామ్రాజ్యం నడిపేవాడు తానే సామ్రాజ్యానికి బందీ అని చెప్పడం ఆయన ఉద్దేశం. గొప్ప వ్యాసం, సందేహం లేదు. ఇందులో ఎంత జరిగింది, ఎంత కల్పన అన్న వాదన ఇంకా సాగుతోంది.

మనం చూడాల్సింది బురదలో పడి ఉన్న ఆ కూలీని. ఆర్వెల్ మొదట అతణ్ని ద్రావిడ కూలీ అంటాడు. చివర్లో క్లబ్బులో దొరలు మాట్లాడుకుంటారు. పెద్దవాళ్లు చంపడం సరేనన్నారు. కుర్రదొరలు మాత్రం ఒక కోరంగి కూలీ చచ్చాడని ఏనుగును కాల్చడం సిగ్గుచేటన్నారు. ఏనుగు విలువ కూలీ కన్నా ఎక్కువ కదా అన్నారు. బతికున్న ఏనుగు ఖరీదు కనీసం 100 పౌన్లని, చస్తే దంతాలకు 5 పౌన్లు వస్తాయేమోనని లెక్క కూడా వ్యాసంలో ఉంది. కూలీ ఖరీదు లేదు. పేరూ లేదు. బర్మాలో దొరలు 'కోరంగి' అన్నది గంజాం నుంచి గోదావరి దాకా మన తీరం నుంచి వెళ్లిన ఏ తెలుగు కూలీనైనా. కోరంగి రేవు 1839 తుపానుకి, ఇసుక మేటలకి ఎప్పుడో మూలపడింది. దాని పేరు మాత్రం వీళ్లకి చిరునామాగా అంటుకుపోయింది. అంటే ప్రపంచమంతా చదివే ఆ వ్యాసంలో ఏనుగు కాళ్ల కింద నలిగినవాడు మనవాడు. మన దగ్గర ఈ వ్యాసాన్ని పాఠంగా చెప్పేవాళ్లలో ఆ సంగతి ఎంతమంది చెబుతారో!

అతను ఇక్కడికెలా వచ్చాడు? తెలుగువాళ్లు ఈ ఒడ్డున మొదట దిగింది కూలీలుగా కాదు, సిపాయిలుగా. మొదటి బర్మా యుద్ధంలో పోరాడిందీ, తర్వాత మౌల్మీన్ దండులో కాపలా కాసిందీ చాలావరకు మద్రాసు పటాలాలు. వాటిలో మన సర్కారు జిల్లాలవాళ్లుండేవారు. ఆ వెనకే సంకెళ్లతో మరో దండు వచ్చింది. కంపెనీ వాళ్లు మద్రాసు, బెంగాల్ నుంచి ద్వీపాంతర శిక్ష పడ్డ ఖైదీల్ని ఇక్కడికి పంపి రోడ్లు వేయించారు. మనం కొండ దిగిన ఈ రోడ్ల కింద వాళ్ల చెమట ఉంది.

కూలీల కాలం తర్వాత వచ్చింది. బర్మాలో వరి విస్తరించి మిల్లులు పెరిగాక మనుషులు కావాల్సివచ్చింది. ఊరికి వచ్చిన మేస్త్రీ ముందుగా కొంత డబ్బు చేతిలో పెట్టేవాడు. పెళ్లి ఖర్చో, షావుకారు బాకీయో దాంతో తీరేది. ఆ అప్పు తీరేదాకా కూలీ మేస్త్రీ మనిషే. ఓడ టిక్కెట్టు, మిల్లు దగ్గర గది, బియ్యం అన్నీ మేస్త్రీ ఖాతాలోనే. జీతం కూడా అతని చేతి మీదుగానే వచ్చేది, చేతికి కొంత అంటుకుంటూ. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడల డెక్కు మీద కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి జనం బయల్దేరేవారు. వరి కోతలప్పుడు వెళ్లి మిల్లు సీజను అయ్యాక కొందరు తిరిగొచ్చేవారు, ఎక్కువమంది రెండు మూడేళ్లు ఉండేవారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షల పైచిలుకు. వారిలో సుమారు లక్షన్నర మంది తెలుగువాళ్లు. వడ్డీ వ్యాపారం నాట్టుకోట చెట్టియార్లది, దుకాణాలు సూరత్ వర్తకులవి, ఆఫీసులు బెంగాలీలవి. మోత మనది. రేవులో మూట, మిల్లులో బస్తా, రిక్షా.

లోయర్ మెయిన్ రోడ్డులోకి వస్తే ఆ పంపకం కట్టడాల్లోనే కనిపిస్తుంది. సూరతీ సున్నీ మసీదు నిలువెత్తున ఠీవిగా ఉంది. చెట్టియార్లు గుళ్లు కట్టుకున్నారు. మూట మోసినవాడి పేరుతో ఏదీ లేదు. అలాగని జనం లేరనుకోకండి. మొలమ్యైన్లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ తెలుగు మాట్లాడే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 1962లో సైన్యాన్ని వెంటబెట్టుకుని గద్దెనెక్కిన నెవిన్ 1964లో దుకాణాలు జాతీయం చేసి, పెద్ద నోట్లు రద్దుచేశాక లక్షల్లో భారతీయులు కట్టుబట్టలతో ఓడలెక్కారు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు అలా వచ్చిందే. వెళ్లలేనివాళ్లు, వెళ్లడం ఇష్టం లేనివాళ్లు ఇక్కడే ఉండిపోయారు.

ఇక్కడి టీ దుకాణంలో పలాటా అడగండి. మన పరోటాయే, పంచదార చల్లి ఇస్తారు. పెద్ద మార్కెట్టులో ఎండు చేపల వీధి మొదలయ్యాక ముక్కు పట్టి లాక్కెళ్లినట్టు స్ట్రాండ్ రోడ్డుకి వచ్చేస్తాం. ఏట్లో ఎదురుగా గౌంగ్‌సే ద్వీపం. పూర్వం ఆవా రాజుల తలంటు స్నానపు వేడుకకు నీళ్లు ఇక్కడి బావి నుంచే వెళ్లేవట. వెనక బిలూ ద్వీపం. పలకలు, రబ్బరు బ్యాండ్లు, చేతికర్రలు చేసే ఊళ్లున్నాయి. 2017లో ఆ ద్వీపానికి వంతెన వేసి జనరల్ ఆంగ్ సాన్ పేరు పెడితే, మా నేలమీద వంతెనకు మా పేరు ఉండాలని మోన్ ప్రజలు వేలాదిగా ఊరేగింపు తీశారు. పొడవుగా ఉత్తరాన కనిపించేది 2005లో తెరిచిన సాల్వీన్ వంతెన. అంతకు ముందు రంగూన్ రైలు మర్తబాన్‌లోనే ఆగిపోయేది. అక్కడ దిగి పడవెక్కి ఈ ఒడ్డుకి రావాలి.

ఆ పడవ దాటే ఇబ్బందే 1942లో మనవాళ్ల ప్రాణాల మీదికి తెచ్చింది. రేవు కూలీల మీద బర్మీయుల కోపం అప్పటికే రగిలి ఉంది. 1930 మే 26న రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె ముగిసి, మధ్యలో పెట్టుకున్న బర్మా కూలీల్ని తీసేసిన పూట మొదలైన అల్లర్లలో వంద మందికి పైగా చనిపోయారు. 1937లో బర్మా ఇండియా నుంచి విడిపోయింది. 1941 డిసెంబరులో జపాన్ యుద్ధం వచ్చిపడింది. సయాం కొండలు దాటి వచ్చిన జపాన్ సేన 1942 జనవరి 30న మౌల్మీన్ ముట్టడించింది. మరునాడు బ్రిటిష్ దండు ఇవే జెట్టీల నుంచి స్టీమర్లలో మర్తబాన్‌కి దాటుకుంది. స్టీమర్లలో చోటు ముందు సైన్యానికి. ఊళ్లో ఉన్న మనవాళ్లలో చేతిలో డబ్బున్నవాళ్లు అంతకుముందే రంగూన్ చేరి ఓడెక్కారు. లేనివాళ్లు నడిచారు. మార్చి 8న రంగూన్ కూడా పోయాక సముద్రం దారే మూసుకుపోయింది. ప్రోమ్ మీదుగా తౌంగప్ కనుమ దాటి అక్యాబ్‌కి, లేదంటే చింద్విన్ దాటి తాము అనే ఊరి మీదుగా ఇంఫాల్‌కి నడక. దారిలో కలరా, ఆకలి. మౌల్మీన్ నుంచి బయల్దేరిన వాళ్లకి అందరికన్నా దూరం ఎక్కువ.

ఆ నడక గురించి వచ్చే వారం.